స్నానాలగది కమ్మీపై క్రమబద్ధ సమీక్ష

మూడో వార్డు హెడ్ సిస్టర్ ఎలీషమ్మగారు అడిగింది ఒక్క నాలుగడుగుల ఇనపకమ్మీ. అది ఆడవాళ్ల ఎముకల వార్డు. అక్కడి స్నానాలగది గోడకి కమ్మీ అడ్డంగా బిగిస్తే తుంటి విరిగినవాళ్లూ మోకాలు చితికినవాళ్లూ దాన్ని పట్టుకుని నడుస్తారని ఆవిడ ఉద్దేశం. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇచ్చారు. పాతరోజుల్లో అయితే ఆ కాగితం ఇంజనీరింగు విభాగానికి వెళ్లి ఏడేళ్లు హాయిగా పడుకునేది. ఆవిడ అదృష్టం బాగుండి అది కొత్తరోజుల్లో వచ్చింది.

కొత్తరోజులంటే మా సూపరింటెండెంటు డాక్టర్ చలపతిగారు రాజధానిలో మూడురోజుల శిక్షణ ముగించుకుని వచ్చిన తరవాతి రోజులు. వెళ్లేటప్పుడు ఆయన మామూలు మనిషిగానే వెళ్లారు. వచ్చేటప్పుడు మెడలో రిబ్బను కార్డు, భుజానికి గుడ్డసంచి, కళ్లలో ఏదో వెలుగు. మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. "ఇకమీదట ఈ బోధనాసుపత్రియందు ఏ నిర్ణయమైనను, అది యెంత స్వల్పమైనదైనను, ప్రపంచ వైద్య సాహిత్యమును క్రమబద్ధముగా వెదికి, వడపోసి, క్రోడీకరించిన పిదప మాత్రమే తీసుకొనవలెను. అనుభవము, అంచనా, కంటితో చూచుట మున్నగునవి ప్రమాణములుగా పరిగణింపబడవు."

వెదకవలసినవాణ్ణి నేను. నా పేరు సన్యాసిరావు, కాలేజీ లైబ్రేరియన్ని. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నా లైబ్రరీకి వచ్చినవాళ్లలో సగంమంది ఫ్యాను కింద నిద్రపోవడానికి వచ్చారు, మిగతా సగం ఫ్యాను తిరగడం లేదని చెప్పడానికి వచ్చారు. అలాంటివాణ్ణి ఒక్కరోజులో 'అన్వేషణాధికారి' అయ్యాను. కొత్త కంప్యూటరు వచ్చింది. నా గది తలుపు మీద బోర్డు వేశారు. మనిషన్నాక పొంగిపోతాడు కదా, పొంగిపోయాను. ఈ కథలో నా తప్పు ఎక్కడ మొదలైందో వెతికితే అది ఆ బోర్డు దగ్గరే దొరుకుతుంది.

తెలియనివాళ్లకోసం చెప్పాలి. క్రమబద్ధ సమీక్ష చెడ్డపనేమీ కాదు. ఒక ప్రశ్న వేసుకుని, దానిమీద లోకంలో ఎవరెవరు ఏ పరిశోధన చేశారో ఒక్కటీ వదలకుండా వెతికి, నమ్మదగినవి ఉంచి తక్కినవి పక్కనపెట్టి, మిగిలినవన్నీ కలిపి ఒక జవాబు చెప్పడం. బియ్యంలో రాళ్లు ఏరడంలాంటిది. ఏ మందు పనిచేస్తుందో ఏది చెయ్యదో తేల్చడంలో ఈ పద్ధతి ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. మా ఆసుపత్రి చేతిలో పడటం దాని దురదృష్టం.

మొదటి సమావేశంలో ప్రశ్నను తయారుచెయ్యడానికి రెండున్నర గంటలు పట్టింది. 'స్నానాలగదిలో కమ్మీ ఉంటే రోగులు పడటం తగ్గుతుందా' అని నేను రాసిచ్చాను. ఇంత సులువుగా ఉంటే అది ప్రశ్న కాదన్నారు చలపతిగారు. చివరికి తేలింది ఇది: అరవై దాటిన, తుంటియెముక విరిగిన భారతీయ స్త్రీలు, నాపరాళ్లు పరిచిన నేలగల స్నానాలగదిలో, ఎడమగోడకు బిగించిన నాలుగడుగుల ఇనపకమ్మీ ఉన్నప్పుడు, లేనప్పటికన్నా తక్కువసార్లు పడుదురా?

ఎలీషమ్మగారు లేచి, ఒక్కసారి అందరూ వచ్చి ఆ గది చూస్తే సరిపోతుంది కదా సార్ అన్నారు.

చలపతిగారు ఆవిడవైపు జాలిగా చూశారు. "సిస్టర్, చూడటం అనేది అన్నిటికన్నా ప్రమాదకరమైన పక్షపాతం. గది చూసినవాడికి కమ్మీ పెట్టాలనే అనిపిస్తుంది. అప్పుడు సమీక్ష ఎందుకు?" అన్నారు. అంతటితో ఆగకుండా, సమీక్ష పూర్తయ్యేవరకు కమిటీ సభ్యులెవరూ సదరు స్నానాలగదిని చూడరాదని మినిట్సులో రాయించారు. అసలు మూడో వార్డుకే వెళ్లకుండా ఉంటే మరీ మంచిదని ఎముకల డాక్టరుగారు సూచించారు. ఆయన ఆ వార్డు రౌండ్లకి వెళ్లడం అంతకుముందే చాలావరకు మానేశారు. ఇప్పుడు దానికి శాస్త్రీయమైన కారణం దొరికింది.

సిస్టర్ మాత్రం శాస్త్రం తెలియని మనిషి. ఆ సాయంత్రమే ఇంటినుంచి పాత నేతచీర ఒకటి తెచ్చి, మూడు పాయలుగా చీల్చి, జడలా గట్టిగా అల్లి, స్నానాలగదిలో ఒక కొస కిటికీ ఊచకీ రెండో కొస గోడలోని పాత ఇనపకొక్కేనికీ కట్టేశారు. కమ్మీ వచ్చేదాకా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నది ఆవిడ ఆలోచన. ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు.

నా వెతుకులాట మొదటివారంలో పదకొండువేల ఆరువందల నలభై రెండు వ్యాసాలు పట్టుకొచ్చింది. అందులో గుర్రాలు జారిపడటం మీద ఉన్నాయి, అంతరిక్షంలో స్నానం మీద ఉన్నాయి, ఓడల్లో వంటవాళ్ల మోచేతుల మీద ఉన్నాయి. గర్వంగా అంకె చెప్పాను. చలపతిగారు లేచి కరచాలనం చేశారు. పొరుగు జిల్లా ఆసుపత్రివాళ్లు ఏదో సమీక్షకి తొమ్మిదివేలే పట్టారట.

ఇక వడపోత. ఒక్కో వ్యాసాన్నీ ఇద్దరు వేరువేరుగా చదవాలి, ఒకరి అభిప్రాయం ఒకరికి తెలియకూడదు, ఇద్దరికీ కుదరకపోతే మూడోవాడు తీర్పు చెప్పాలి. ఇది పద్ధతిలో ఉన్నదే, మంచిదే. ఆ ఇద్దరుగా ఫార్మకాలజీ డాక్టర్ ఫణీంద్రనీ కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ వసుంధరనీ వేశారు. వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు. క్వార్టర్స్‌లో ఒకే ఇంట్లో ఉంటారు.

ఈ సంగతి రెండోవారంలో బయటపడేసరికి చలపతిగారు కంగారుపడ్డారు. వేరేవాళ్లని వేస్తే చదివిన ఆరువందల వ్యాసాలూ మళ్లీ మొదటినుంచి చదవాలి. అందుకని ఉత్తర్వు ఇచ్చారు: సమీక్ష ముగియువరకు సమీక్షకులిరువురు పరస్పర సంభాషణ మానవలెను. అత్యవసరమైన గృహసంబంధ విషయములు అన్వేషణాధికారి ద్వారా లిఖితపూర్వకముగా పంపుకొనవలెను. అన్వేషణాధికారి అంటే నేనే. గ్యాస్ అయిపోయిందని ఆవిడ రాస్తే ఆయనకి అందించాను. తాళంచెవి ఎక్కడుందని ఆయన రాస్తే ఆవిడకి అందించాను. పప్పులో ఉప్పు చాలలేదని ఆయనా, సరిపోయిందని ఆవిడా రాసిన కాగితాలు అభిప్రాయభేదం కిందికి వచ్చాయి కాబట్టి నిబంధన ప్రకారం మూడో సమీక్షకుడైన చలపతిగారికి పంపాను. ఉప్పు విషయమై మరింత పరిశోధన అవసరమని ఆయన ఎర్రసిరాతో రాశారు.

రెండోనెలలో మూడో వార్డు ఆరో మంచానికి మైలపల్లి ఎర్రయ్యమ్మ వచ్చింది. అరవై ఆరేళ్లు. పాత బస్టాండు వెనక సంతగేటు పక్కన ఎండునెత్తళ్ల చేపలు అమ్ముతుంది. తుంటి విరిగి, ఆపరేషనై, కుట్లు మానక వారాలకొద్దీ ఉండిపోయింది. ఆమె దిగులంతా తుంటి గురించి కాదు, గేటు పక్క చోటు గురించి. ముప్పైరెండేళ్లుగా కూర్చుంటున్న చోటది. ఇంకొకరు గంప దించేలోగా తన కాళ్లమీద తను వెళ్లి కూర్చోవాలి. కాళ్లు ఆడాలంటే రోజూ నడవమన్నాడు డ్యూటీ డాక్టరు. ఆ వార్డులో పట్టుకుని నడవడానికి ఉన్నదల్లా సిస్టర్ చీర. స్నానాలగదిలో ఆ చీరతాడు పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు నడిచేది. ఏడువారాలు అలా నడిచింది.

ఆ ఏడువారాల్లోనే ఇక్కడ పదకొండువేల వ్యాసాలు తరిగి మూడువందల పన్నెండు అయ్యాయి, మూడువందల పన్నెండు తొమ్మిది అయ్యాయి. ఆ తొమ్మిదింటికోసం చివరి సమావేశం పెట్టారు. ఒక చలిదేశంలో కమ్మీలు పెట్టాక పడటం సగానికి తగ్గిందట. కాని అక్కడ స్నానాలగది నేల వెచ్చగా ఉంటుంది, మన నేలకి ఆ సౌకర్యం లేదు, తీసెయ్యండన్నారు. ఇంకోచోట కమ్మీ కుడిగోడకి ఉంది, తీసేశారు. ఒక దీవిలో ఆడవాళ్లు కూర్చుని స్నానం చేస్తారని తీసేశారు. మనవాళ్లూ కూర్చునే పోసుకుంటారని వసుంధర చీటీ రాసి పంపితే, కూర్చునే విధానంలో భేదం ఉండవచ్చునని చలపతిగారు తీర్పిచ్చారు. ఒకటి చాలా మంచి వ్యాసం, అన్నీ కుదిరాయి, కాని ఇంగ్లీషులో లేదు. అలా తొమ్మిదీ పోయాయి. రాళ్లు ఏరడం ముగిసేసరికి చేటలో బియ్యపుగింజ లేదు.

నేను నీరుగారిపోయాను. చలపతిగారు మాత్రం మెరిసిపోతున్నారు. "సన్యాసిరావుగారూ, దీన్ని ఖాళీ సమీక్ష అంటారు. చాలా అరుదు. మనం పదకొండువేలు వెతికి సున్నాకి వచ్చాం. ఇంత శుభ్రమైన సున్నా రాష్ట్రంలో ఎవరికీ లేదు" అన్నారు. ఒక్క లాంఛనం మాత్రం మిగిలింది. పద్ధతి ప్రకారం అచ్చుకాని సాహిత్యం కూడా వెతకాలి. ఫిర్యాదుల పుస్తకాలు, డ్యూటీ డైరీలు, ఇంకేమైనా రాతలు. అవి ఎక్కడుంటే అక్కడికి వెళ్లడానికి అన్వేషణాధికారికి మాత్రం ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

అలా నాలుగునెలల తరవాత కమిటీలో ఒక మనిషి మూడో వార్డు స్నానాలగదిలో అడుగుపెట్టాడు. సిస్టర్ ఆడవాళ్లందరినీ ఆపి, తలుపు దగ్గర కాపలా నిలబడి, పది నిమిషాల్లో కానివ్వండి అన్నారు. కావలసింది కంటపడటానికి నాకు రెండు నిమిషాలు చాలాయి. తలుపు వెనకగోడ నిండా రాతలు. గాయాలకి పూసే ఊదామందుతో, కాటుకతో, బొగ్గుతో. ఎన్నేళ్లనుంచి రాస్తున్నారో, తేదీలతో సహా ఉన్నాయి.

'కుళాయి పట్టుకోండి' అని ఎవరో రాశారు. దాన్ని కొట్టేసి కింద ఇంకొకరు, 'వద్దు, ఊడి వస్తుంది, నేను పడ్డాను' అని రాశారు. 'తూము దగ్గర నీళ్లు నిలుస్తాయి, గోడవారగా పో అక్కా.' 'గడప దిగేటప్పుడు మంచికాలు ముందు వెయ్యకు.' దాని పక్కనే, 'నిజమే. సరస్వతి, 11వ మంచం.' ఒకరు రాసింది ఇంకొకరు చదివి, పరీక్షించి, తప్పయితే సరిదిద్ది, ఒప్పయితే సంతకం పెట్టారు. నా కొత్త కంప్యూటరు తెచ్చిన పదకొండువేలలో ఇంత జాగ్రత్తగా రాసినవి ఎన్ని ఉన్నాయో నాకు అనుమానమే. మొత్తం ఇరవైమూడు రాతలు. పడ్డామని చెప్పినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ చీరతాడు కట్టకముందు తేదీలవే. తాడు కట్టాక ఒక్కటే రాత ఉంది: 'ఈ తాడు కట్టిన తల్లి చల్లగా ఉండాలి.'

ఇరవై ఎనిమిదేళ్లలో నేను వెతికి నిజంగా ఏదైనా కనిపెట్టింది ఆరోజే. గోడకి ఎదురుగా నిలబడి ప్రతి అక్షరమూ కాపీ చేసుకున్నాను. నాలో అన్వేషణాధికారి ఊరుకోలేదు. తాడు పొడవు కొలిచాను, కట్టిన తేదీ సిస్టర్ని అడిగి రాసుకున్నాను, ముడుల బొమ్మ కూడా గీసుకున్నాను. అదంతా నివేదికకి నాలుగో అనుబంధంగా పెట్టాను. అందరికన్నా బలమైన సాక్ష్యం అదేనని నా నమ్మకం. ఆ అనుబంధం టైపు చేసిన చేతుల్ని ఇప్పుడు చూసుకోబుద్ధి కాదు.

సమావేశంలో చలపతిగారు గోడరాతల్ని ఓపిగ్గా విన్నారు. విని, రచయిత్రుల అర్హతలేమిటని అడిగారు. పడటమే అర్హత అన్నాను. తరవాత భాష అడిగారు. తెలుగు అన్నాను. ఆయన పెన్ను మూసేశారు. "మన ప్రమాణాల ప్రకారం ఆంగ్లేతర సాహిత్యం పనికిరాదు. ఆ మంచి వ్యాసాన్నే తీసేశాం. ఇప్పుడు మన గోడకి మినహాయింపు ఇస్తే పక్షపాతం అవుతుంది" అన్నారు.

నేను ఇంకా ఏదో అనబోతుంటే ఆయన చూపు నాలుగో అనుబంధం మీద పడింది. ముడుల బొమ్మ చూసి ముఖం నల్లబడింది. నాలుగునెలలుగా వార్డులో ఒక పరీక్షించని సాధనం, నైతిక కమిటీ అనుమతి లేకుండా, రోగులమీద వాడుతున్నారా అని అడిగారు. అది చీర సార్ అన్నారు సిస్టర్. చీర కట్టుకోవడానికి అనుమతి ఉందిగాని గోడకి కట్టడానికి లేదన్నారాయన. ఆ తరవాత ఆయనకే ఇంకో ఆలోచన తట్టింది. ఈ నాలుగునెలల్లో ఎవరూ పడలేదా? పడలేదన్నాను, మా వాదన గెలిచిందనుకుంటూ.

"అయితే సమస్యే లేదు. పడనివాళ్లకి కమ్మీ ఎందుకు?" అన్నారు.

ఉత్తర్వు సాయంత్రానికి వచ్చింది. అనుమతి లేని తాడును తక్షణమే తొలగించవలెను. కమ్మీ అవసరము తేల్చుటకు శుద్ధమైన లెక్కలు కావలెను గాన ఆరువారములు రోగులను ఏ ఊతమును లేకుండ పరిశీలించవలెను. రోగులమీద ముందుగా ప్రభావము పడకుండుటకై గోడకు సున్నము వేయవలెను. సమీక్షకులిరువురు ఇక మాట్లాడుకొనవచ్చును. ముందు ఎవరు మాట్లాడాలో ఉత్తర్వులో లేదు కాబట్టి ఫణీంద్ర, వసుంధర ఇంకా చీటీలే పంపుకుంటున్నారు.

సిస్టర్ తాడు విప్పలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి కోసుకుపోయాడు. సున్నం రెండు పూతలు వేశారు.

మూడోరోజు పొద్దున్న ఎర్రయ్యమ్మ పడింది. మర్నాడు ఇంటికి పంపాల్సిన మనిషి. అలవాటుకొద్దీ తాడుకోసం చెయ్యి చాపిందట. అక్కడ లేదు. విరిగిన తుంటే మళ్లీ విరిగింది. ఇక కర్ర సాయంతోనైనా నడవడం అనుమానమేనని ఎముకల డాక్టరుగారు ఈసారి వార్డుకి వచ్చిమరీ చెప్పారు. చలపతిగారికి బాధ కలగలేదని అనను. నివేదికలో ఒక వాక్యం చేర్చారు: ఒక్క రోగి వృత్తాంతము ప్రమాణముల నిచ్చెనలో అట్టడుగు మెట్టు గనుక నిర్ధారణ మారదు.

నేను వెళ్లేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. తాడు సంగతి కాగితం మీద పెట్టింది నేనేనమ్మా అన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె తల తిప్పకుండానే, "నువ్వు సెడ్డకి రాసినావేటి బాబూ. మంచికే రాసుంటావు. సదూకునోలు మంచికే రాస్తారు, నాబోటోలు పడతారు" అంది. అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. సున్నం ఎందుకేశారని అడిగింది. తనకి చదవడం రాదు. అయినా పక్కమంచం పిల్ల చదివి వినిపిస్తే గోడమీది మాటలన్నీ నేర్చుకుందట. "ఎవులో తల్లులు సెప్పిన బుద్దులు బాబూ అయ్యి. తుడిసేసినారు. ఎల్లిపోయేటప్పుడు నా మాట కూడా రాయించాలనుకున్నాను. ఇప్పుడెల్లనుగందా. నువ్వే రాసీ."

ఏం రాయమంటావని అడిగాను. చెప్పింది.

ఆరోజు భోజనాల వేళ, ఆఫీసులో ఎవరూ లేని గంటలో, సిస్టర్ తలుపు దగ్గర నిలబడితే నేను ఊదామందు సీసా, దూది చుట్టిన పుల్ల పట్టుకుని తెల్లటి గోడమీద పెద్ద అక్షరాలతో రాశాను. 'ఇక్కడ తాడుండేది. దాన్ని పట్టుకుని ఏడువారాలు నడిచాను. తీసేసిన మూడోరోజు పడ్డాను. మైలపల్లి ఎర్రయ్యమ్మ, 6వ మంచం.' రాసి చూసుకుంటే సమీక్ష ప్రశ్నకి కావలసిన రోగి, సాధనం, ఉన్నప్పుడు, లేనప్పుడు, ఫలితం అన్నీ ఉన్నాయి. నేను బయటికి వస్తుంటే సిస్టర్ చంకలో ఇంకో చీర కనిపించింది. ఆ సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మర్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు, ఆ వెంటనే సర్క్యులర్. ప్రభుత్వ గోడను పాడుచేసిన వ్యక్తి ఎవరో క్రమబద్ధముగా వెదకి తేల్చవలెను. ఆసుపత్రిలోని సమస్త చేతిరాతలను సేకరించి, ఇద్దరు సమీక్షకులు వేరువేరుగా పోల్చిచూడవలెను. వారు పరస్పరము మాట్లాడుకొనరాదు. విచారణ ముగియువరకు సదరు స్నానాలగదిలోని గోడ, నేల, తలుపు, వాటికి కట్టబడియున్న ఏ వస్తువునైనను యథాతథముగా ఉంచవలెను, ఎవరును తాకి మార్పు చేయరాదు. అన్వేషణాధికారి: శ్రీ సన్యాసిరావు.

ఫణీంద్ర, వసుంధర ఉత్తర్వు చదువుకుని నిట్టూర్చి చీటీల కట్ట కొత్తది తెచ్చుకున్నారు. నేను వెతుకుతున్నాను. పద్ధతి ప్రకారం ఒక్కటీ వదలకూడదు కదా. కేసుషీట్లు, సెలవు చీటీలు, హాజరుపట్టీలు కలిపి ఇప్పటికి పందొమ్మిదివేల చేతిరాతలు పోగయ్యాయి. పాతరికార్డుల గది ఇంకా తెరవలేదు. ఈ లెక్కన నా రిటైర్మెంటు దాటుతుంది. కిటికీ ఊచనుంచి కొక్కెందాకా పచ్చంచు నేతచీర విచారణలో ఉన్న వస్తువుగా క్షేమంగా ఉంది. దాన్ని పట్టుకుని ఆ వార్డులో రోజుకి పదిమంది నడుస్తున్నారు.

రోజూ సాయంత్రం ఆరో మంచం దగ్గర ఆగుతాను. ఆమె అటు తిరిగి పడుకునే ఉంటుంది, అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, దొరికినాడేటి బాబూ అని అడుగుతుంది.

ఇంకా లేదమ్మా అంటాను.

"నిదానంగా ఎతుకు" అంటుంది. "తొందరేటుంది."